మగ్గం ఆగితే వినబడే గొంతు

"నా కొడుకు వాళ్ల నాయన్ని పిలస్తాండాడమ్మా. చచ్చిపోయినోడు పిలస్తాండాడు. మీరు ఎట్టన్నా చేసి ఆ పిలుపు ఆపల్ల."

మదనపల్లెలో టమోటా మార్కెట్టుకు పోయే దారిలో, విత్తనాల అంగడి మేడమీద ఉన్న ఆ ఆఫీసులో ఇలాంటి మాట అంతకుముందు ఎవరూ అనలేదు. అక్కడికి వచ్చేవాళ్లు పెళ్లికొడుకు నడవడిక కనుక్కోమనేవాళ్లు, లేదంటే పొలం హద్దురాయి ఎవరు జరిపారో తేల్చమనేవాళ్లు. అందుకే ఉమాశంకర్ టీ గ్లాసు పెదవుల దాకా తెచ్చి అక్కడే ఆపేశాడు.

అంబిక మాత్రం కదల్లేదు. ఇన్సూరెన్సు కంపెనీల తరఫున ప్రమాదాల నిజానిజాలు తేల్చే పనిలో సగం జీవితం గడిపి, తర్వాత సొంతంగా ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆమె. నెరిసిన జుట్టుకు రంగు వేయదు, అనవసరంగా ఒక మాట మాట్లాడదు. జిల్లా మొత్తం మీద ఆమెను మించిన తెలివైన మనిషి లేదని ఆమె సహాయకుడు ఉమాశంకర్ నమ్మకం. కంప్యూటర్ల విషయంలో తనను మించినవాడు లేడని ఇంకో నమ్మకం. మొదటిదానిలో తప్పేమీ లేదు. రెండోదాని సంగతి ముందుముందు తెలుస్తుంది.

"కూర్చోండమ్మా. నీళ్లు తాగి, మొదటినుంచి చెప్పండి," అంది అంబిక.

వచ్చినామె పేరు ఇందిరమ్మ. నీరుగట్టువారిపల్లెలో కాపురం. ఇంటి వెనక షెడ్డులో రెండు మరమగ్గాలు, వాటిని నడిపేది భర్త రెడ్డెప్ప. కొడుకు చరణ్ కుప్పంలో ఉద్యోగం చేసేవాడు. పోయిన వానల్లో బైకు మీద ఇంటికి వస్తూ, పుంగనూరు దాటాక రోడ్డు మలుపులో చెట్టును గుద్దుకుని పోయాడు. అతని కంప్యూటరు కుప్పంలో అద్దెగదిలోనే ఉండిపోయింది. ఈ నెల మొదట్లో చరణ్ స్నేహితుడు జుబేర్ దాన్ని ఇంటికి తెచ్చాడు. చెల్లెలు సుష్మ చీరల డిజైన్లు గీసుకుంటుందని, పాతదంతా తీసేసి కొత్తగా లినక్స్ అనే సిస్టం వేసి ఇచ్చాడు. గొంతు అప్పటినుంచే మొదలయింది.

"ఎప్పుడు వినిపిస్తుంది?"

"మద్యాన్నం పూట. మగ్గాలు నిలిచినప్పుడు."

"కరెంటు పోయినప్పుడా?" మధ్యలో దూరాడు ఉమాశంకర్.

"కరెంటు పోతే కంప్యూటరు యాడ పలకతాదప్పా? ఫ్యాను తిరగతానే ఉంటాది. మగ్గాలు మాత్రం నిలిచిపోయింటాయి. ముందు టప్‌మని ఒక శబ్దం. గరగరమంటాది. దాని ఎనకాలే మావోడి గొంతు. తునకలు తునకలుగా."

"ఏమంటాడు?" అంది అంబిక.

ఇందిరమ్మ ఒకసారి తలుపు వైపు చూసింది. "'అమ్మకు చెప్పొద్దు' అంటాడు. 'నువ్వు వచ్చేయ్ నాయనా. ఇద్దరం కలిసి పోదాం' అంటాడు."

ఉమాశంకర్ ఒళ్లు జలదరించింది. పట్టపగలు, కింద టమోటా లారీల హారన్లు మోగుతుండగా కూడా జలదరించింది.

"ఆయప్ప చిక్కి సగమయినాడమ్మా," అంటూ ఇందిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మద్యాన్నం కూడు ముట్టడు. షెడ్డులో ఒక్కడే కూర్చోనుంటాడు. ఆ పిలుపు సంగతి ఆయప్ప ముందర మేమెవురమూ ఎత్తం. పోతాడు, మావోడి ఎనకాలే పోతాడు. బండి తాళం దాచిపెట్టినా. తాయెత్తు కట్టించినా. కొడుకు పోయినాడు, మొగుడన్నా మిగలొద్దా నాకు?"

ఇంకో తొందర కూడా ఉంది. ఆమె తమ్ముడు ధనుంజయ ఇదంతా జుబేర్ చేసిన పాడుపని అంటున్నాడు. మనుషుల్ని వేసుకుని కుప్పం పోయి వాడి చేతులు విరగ్గొడతానని కూర్చున్నాడు. అక్క బతిమాలితే ఆదివారం దాకా ఆగుతానన్నాడు.

*

ఆ ఇంట్లో ముందుగదిలోనే బల్లమీద కంప్యూటరు. దాని వెనక గోడకు అవతలివైపు షెడ్డు. మగ్గాల మోతకు గోడ అదురుతోంది, బల్లమీది గ్లాసులో నీళ్లు అదురుతున్నాయి. మనిషికి మనిషి అరిస్తే తప్ప వినబడదు. తెరమీద బైకుకు ఆనుకుని నవ్వుతున్న ఒక కుర్రవాడి ఫోటో. పేరు చెప్పకపోయినా ఎవరో తెలిసిపోయింది.

ఉమాశంకర్ చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాడు. చాలాసేపు వెతికాక తల పైకెత్తాడు.

"మేడం, పాత డిస్కును మొత్తం తుడిచేసి కొత్తగా వేశాడు. చరణ్‌కు చెందిన ఫైలు ఒక్కటి కూడా లేదు. పాట లేదు, రికార్డింగు లేదు. ఇంటర్నెట్ కూడా లేదు. ఆ టప్‌మనే చప్పుడు దెయ్యం కాదు. లినక్స్‌లో కాసేపు పనిలేకపోతే సౌండు కార్డు నిద్రపోతుంది. ఏదైనా పలకాల్సి వచ్చినప్పుడు లేస్తూ టప్‌మంటుంది."

"అంటే ఆ గొంతు బయట ఎక్కడో దాచిన స్పీకరులోంచి కాదు, కంప్యూటరే పలుకుతోంది."

"అంతే కదా మేడం. కానీ లోపల లేనిదాన్ని ఎలా పలుకుతుంది?" ఉమాశంకర్ ముఖం వాడిపోయింది.

అంబిక తెరమీది ఫోటోను చూస్తోంది. "డిస్కంతా తుడిచేస్తే ఈ ఫోటో ఎక్కడిది?"

సుష్మ చెప్పింది. "జుబేరన్న పెట్టినాడు మేడం. లినక్స్ వేసిన రోజే, నాయన ఫోన్లోనుంచి ఎక్కించినాడు."

ధనుంజయ గుమ్మంలో నిలబడి మీసం కొరుకుతున్నాడు. "ఇంకా ఏం సూస్తారమ్మా? తెచ్చింది వాడు, వేసింది వాడు. మా వోడి గొంతు వాడి కాడ తప్ప ఇంకెవురి కాడ ఉంటాది?"

"జుబేర్‌కు దీనివల్ల ఏం వస్తుంది?"

"ఏమో, నాకేం తెలుసు. ఒకే రూములో ఉన్న్యారు. ఏమి గొడవలు ఉన్న్యాయో."

"గొడవలుంటే కంప్యూటరు మోసుకొచ్చి ఇస్తాడా?"

ధనుంజయ ఇంకొంచెం గట్టిగా మీసం కొరికాడు.

షెడ్డులోకి పోయారు. రెడ్డెప్ప మగ్గం మీదికి వంగి తెగిన పోగు ముడివేస్తున్నాడు. అరవై దగ్గరపడిన మనిషి, చొక్కా ఒంటిమీద వేలాడుతోంది. వీళ్లను చూసి రెండు మగ్గాలూ ఆపి చేతులు జోడించాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం వచ్చిపడింది.

"మీ అబ్బాయి ఆరోజు కుప్పంలో ఎన్నింటికి బయలుదేరాడు?" షెడ్డు చూస్తూ నడుస్తున్న అంబిక మొహం తిప్పకుండానే అడిగింది.

"సరేనమ్మా," అన్నాడు రెడ్డెప్ప.

ఆమె ఆగి, ఆయనకు ఎదురుగా వచ్చి అదే ప్రశ్న మళ్లీ అడిగింది. ఆయన ఆమె పెదవుల వంక చూస్తూ విన్నాడు. "పొద్దున్నే బయల్దేరినాడమ్మా."

"దారిలో ఫోన్ చేశాడా?"

"లేదమ్మా. పోలీసోళ్లూ అడిగినారు. కాల్ రాలేదు."

పక్కకు తిరుగుతూ అంబిక కిటికీలో ఉన్న స్టీలు చెంబును చేత్తో తగిలించింది. అది రెడ్డెప్ప వెనక గచ్చు మీద పడి గణగణమని దొర్లింది. ఉమాశంకర్ ఉలిక్కిపడ్డాడు. మేడం పరాకు మనిషి కాదే అనుకుంటూ వంగి చెంబు తీసిపెట్టాడు. రెడ్డెప్ప మాత్రం ఆమె ముఖంవైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. అంబిక నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది.

మధ్యాహ్నం దాకా ముందుగదిలోనే కూర్చున్నారు. మగ్గాలు మళ్లీ నడిచి, మళ్లీ ఆగాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇందిరమ్మ సుష్మ చెయ్యి పట్టుకుంది.

టప్.

గరగరమని ఒక చప్పుడు. వాన చినుకుల రొద. ఆ రొదలోంచి ఒక కుర్రగొంతు, తెగితెగి: "...అమ్మకు చెప్పొద్దు... పడతాది... నువ్వు... వచ్చేయ్... ఇద్దరం కలిసి పోదాం..." వెనక ఎక్కడో దూరంగా ఎవరో సాగదీసి అరుస్తున్నారు: "సోమల, సోమల, సోమలా..." ఆ తర్వాత ఏమీ లేదు.

ఇందిరమ్మ చెవులు మూసుకుని ఏడుస్తోంది. ఉమాశంకర్ బల్ల కిందికి దూరి వైర్లన్నీ తడిమి చూశాడు. ఏమీ దొరక్క షెడ్డులోకి పరుగెత్తాడు. అక్కడ రెడ్డెప్ప ఒక్కడే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకుని, చెంపకు చెయ్యి ఆనించి, ఆ చేతిమీదుగా తువ్వాలు కప్పుకున్నాడు. పాపం, పంటినొప్పి కాబోలనుకుని ఉమాశంకర్ వెనక్కు వచ్చేశాడు.

"షెడ్డులో ఎవరూ లేరు మేడం. ఆయన తప్ప."

"ఆ 'సోమల' అన్న అరుపు విన్నావా? సోమల బస్సును అలా ఎక్కడ పిలుస్తారు?"

"పుంగనూరు బస్టాండులో మేడం."

"పద, కారు తియ్యి. ఎలాగూ కుప్పం పోవాలి. దారే."

*

పుంగనూరు బస్టాండులో టీ అంగడి నడిపే మునీశ్వరికి చరణ్ ఫోటో చూపించగానే గుర్తుపట్టింది.

"ఈ పిల్లోడా? పోయిన వానల్లో వచ్చినాడు. ఆ బెంచీ మీదనే కూర్చోన్న్యాడు. జొరం, ఒళ్లు పెనం మాదిర కాలతాండాది. టీ ఇచ్చి, 'లోపల పడుకో నాయనా' అన్న్యా. 'వద్దక్కా, మా నాయన వస్తాడు. సరే అన్న్యాడు' అన్న్యాడు. మదనపల్లె బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడి సూసేది, మళ్లా కూర్చునేది."

"ఎంతసేపు?" అని అడిగాడు ఉమాశంకర్.

"పొద్దు గూకేదాకా. మీదట 'నాయనకు పనేమన్నా పడిందేమో' అనేసి బండి తీసినాడు. పోవద్దప్పా అంటే ఇనలా." మునీశ్వరి గ్లాసులు కడుగుతూ తలెత్తింది. "బాగుండాడా ఆ పిల్లోడు?"

అంబిక టీ డబ్బులు బల్లమీద పెట్టి, "పోయాడమ్మా" అని మాత్రం అంది.

పలమనేరు దాటాక ఉమాశంకర్ ఉండబట్టలేక బయటపడ్డాడు. "మేడం, ఆ పెద్దాయన అబద్ధం చెప్పాడు. సరే అన్నాడట. సరే అని, పోలేదు. పోలీసులకేమో కాల్ రాలేదన్నాడు. కన్నతండ్రి మేడం!"

"కాల్ రాలేదన్న మాట నిజమే అయ్యుండొచ్చు," అంది అంబిక.

కుప్పంలో జుబేర్‌ది రైల్వే స్టేషను దగ్గర కంప్యూటరు రిపేరు అంగడి. విషయం వినగానే అతని ముఖంలో రక్తం లేదు.

"నేను ఎందుకు చేస్తా మేడం? చరణ్ నాకు తమ్ముడు లెక్క. వాడి మంచం ఇంకా నా రూములోనే ఉండాది."

"డిస్కు ఎందుకు తుడిచావు?"

"వైరస్‌తో పాడైపోయుండె. ఏమీ మిగల్లేదు. ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. వాళ్లింట్లో చూసుకునేదానికి ఏమన్నా ఉండల్ల గదా అని నాయన ఫోన్లో ఉన్న ఫోటోలు ఎక్కించి ఇచ్చినా."

"కేబుల్ పెట్టి ఎక్కించావా?"

"ఆ ఇంట్లో ఉండే కేబుల్‌లో ఛార్జింగ్ ఒక్కటే ఎక్కతాది మేడం. అందుకని బ్లూటూత్‌లో కలిపినా. చరణ్ కూడా అట్నే ఎక్కించేవాడు. వాడి పాత సిస్టంలో ఎప్పుడూ ఇట్లాంటి గోల కాలేదే!"

"రెడ్డెప్పగారికి కబురు చెప్పాలంటే మీరెలా చెప్పేవాళ్లు?"

"ఫోన్లో మాట రికార్డు చేసి వాయిస్ పెడతాం మేడం. మగ్గం ఆడతాంటే రింగు వినపడదు. నేతపని వాళ్లిళ్లల్లో అంతా అంతే. వాయిస్ పెడితే మగ్గం ఆపినప్పుడు ఇనుకుంటారు. నాయన మంచోడు మేడం, ఏం పెట్టినా ఎంటనే సరే అని బొటనేలు బొమ్మ పెట్టేస్తాడు."

తిరుగుదారిలో అంబిక ఉన్నట్టుండి అడిగింది. "ఉమా, బ్లూటూత్‌లో ఫోటోలేనా పోయేది?"

"పాటలు, మాటలు కూడా పోతాయి మేడం. బ్లూటూత్ స్పీకర్లు అలాగే కదా..." అని ఉత్సాహంగా మొదలుపెట్టిన ఉమాశంకర్ మాట మధ్యలోనే ఆగిపోయింది. కారు కాసేపు చాలా నెమ్మదిగా పోయింది.

*

మర్నాడు మగ్గాలు ఆపించి అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టింది అంబిక. ఇందిరమ్మ, సుష్మ నేలమీద కూర్చున్నారు. ధనుంజయ గోడకు ఆనుకున్నాడు. కుప్పం నుంచి వచ్చిన జుబేర్ అతనికి దూరంగా, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రెడ్డెప్పను కుర్చీలో కూర్చోబెట్టి, తన కుర్చీ సరిగ్గా ఆయనకు ఎదురుగా జరుపుకుంది. మాట్లాడినంతసేపూ ఆయనవైపే చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"ఈ కంప్యూటరులో చరణ్ గొంతు లేదు. జుబేర్ పెట్టలేదు. అది బయటినుంచి వస్తోంది. మధ్యాహ్నం మగ్గాలు ఆగాక, కరెంటు ఉండగానే వస్తోంది. అంటే కరెంటుతో పనిలేదు. మగ్గం ఆపినవాళ్ల చేతులు ఖాళీ అయినప్పుడు వస్తోంది."

ధనుంజయ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"ఫోటోలకోసం జుబేర్ ఒక ఫోనును ఈ కంప్యూటరుతో కలిపాడు. పాత సిస్టంలో అయితే ఫోటోలు ఎక్కడంతో అయిపోయేది. లినక్స్ అలా కాదు. ఒకసారి కలిసిన ఫోను దగ్గరికొస్తే చాలు, తనంతట తాను దానికి స్పీకరుగా మారిపోతుంది. అప్పటినుంచి ఆ ఫోనులో ఏది నొక్కినా ఫోనులో వినబడదు, ఇక్కడ పలుకుతుంది. మధ్యలో గోడ ఉంది కాబట్టి ముక్కలు ముక్కలుగా పలుకుతుంది."

"యా ఫోనమ్మా?" అంది ఇందిరమ్మ. అడుగుతూనే ఆమె తల భర్తవైపు తిరిగింది.

"నొక్కినవాళ్లకు ఫోనులో ఏమీ వినబడకపోతే అనుమానం రావాలి కదా? ఎందుకు రాలేదు? మామూలుగా కూడా వాళ్లకు వినబడదు కాబట్టి." అంబిక గొంతు తగ్గలేదు, మెత్తబడింది. "వెనక చెంబు పడినా మీరు తిరగలేదు, రెడ్డెప్పగారూ. మొహం తిప్పి అడిగితే 'సరే' అన్నారు."

ఉమాశంకర్ ఆయన్ను నిన్న అబద్ధాలకోరు అన్నాడు. ఇప్పుడు ఆయన చేతులవైపు చూడలేక నేలచూపులు చూశాడు.

రెడ్డెప్ప జేబులోంచి ఫోను తీసి రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు.

"మగ్గం మోతకు చెవులు పోయినాయమ్మా," అన్నాడు. "ఈ మద్య కాదు, ఎప్పుడో. చెవుటోడంటే నవ్వతారు. పని తెచ్చిచ్చేవోళ్లు ఎనకా ముందూ ఆడతారు. ఇంట్లో కూడా చెప్పలా. మొగాలు సూసి, పెదాలు సూసి నెట్టుకొచ్చినా. మావోడు వాయిస్ పెడితే బొటనేలు పెట్టేసేది. వాడు పెట్టేది ఏముంటాది? తిన్న్యావా, బయల్దేరినా, అంతే గదా. ఆ పొద్దు కూడా పెట్టినాడు. చెవికాడ పెట్టుకుంటే గుయ్‌మనింది. అంతే. బొటనేలు పెట్టేసి మగ్గం ఏసుకున్న్యా."

ఆయన తువ్వాలు కొసతో ఫోను తెర తుడిచాడు. మళ్లీ అన్నాడు.

"దేనికి సరే అన్న్యానో నాకు ఈపొద్దుకూ తెలీదమ్మా. ఎవుర్నన్నా ఇని చెప్పమందామంటే నోరు రాలా. దినామూ చెవికి అదుముకుంటా. ముందు ఆ గుయ్‌మనేదన్నా తెలిసేది. ఈ నెల్లో అదీ లేదు. ఇంక పూరాగా పోయినాయి చెవులు అనుకున్న్యా."

జుబేర్ గుమ్మంలో కూలబడి ముఖం కప్పుకున్నాడు. ఆ కాస్త గుయ్‌మనే చప్పుడును కూడా ఆయనకు లేకుండా చేసింది తనే. ఏమీ ఎరగకుండా, మంచి చేద్దామని చేశాడు. కాసేపటికి ధనుంజయ వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు.

అంబిక ఫోను తీసుకుని, బ్లూటూత్ ఆపి, చరణ్ పెట్టిన వాయిస్‌ను మొదటినుంచి మోగించింది. ఈసారి తెగలేదు.

"నాయనా, నేను పుంగనూరు బస్టాండు కాడ ఉండాను. జొరం కాస్తాండాది, కండ్లు తిరగతాండాయి. బండి తోల్లేను. అమ్మకు చెప్పొద్దు, బయపడతాది. నువ్వు బస్సెక్కి వచ్చేయ్, ఇద్దరం కలిసి పోదాం. నువ్వొచ్చేదాకా ఈడనే ఉంటా."

దాని కింద బొటనవేలు బొమ్మ ఉంది.

గదిలో అందరూ విన్నారు, ఒక్క రెడ్డెప్ప తప్ప. ఆయన ఒక్కొక్కరి ముఖమే చూస్తున్నాడు. సుష్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. "ఏమడిగినాడు?" అన్నాడు ఆయన. "ఏమడిగినాడమ్మా మావోడు?"

ఏ ఇంట్లోనైనా నిజాన్ని మొహమాటం లేకుండా చెప్పే అంబిక ఆరోజు పెదవి విప్పలేదు. బస్టాండు బెంచీ సంగతి, లేచి చూసిన బస్సుల సంగతి ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెప్పబోవడం లేదని ఉమాశంకర్‌కు అర్థమయింది.

ఇందిరమ్మ లేచింది. ఆమె ముఖంలో ఉన్నది కోపం. మామూలు కోపం కాదు. భర్త ముందుకు వచ్చి, పిడికిలితో ఆయన రొమ్ముమీద గట్టిగా ఒక్కటి గుద్దింది. ఆయన అడ్డుపెట్టుకోలేదు. ఇంకోసారి ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. అది మెల్లగా దిగి ఆయన భుజం పట్టుకుంది. ఆమె వంగి, ఆయన చెవికి నోరు ఆనించి, కొడుకు అన్న మాటలన్నీ ఉన్నది ఉన్నట్టు గట్టిగా చెప్పింది. ఒక్క మాట మార్చలేదు, ఒక్క మాట దాచలేదు.

రెడ్డెప్ప విన్నాడు. తర్వాత లేచి, చిలక్కొయ్యకు ఉన్న చొక్కా తీసి పాతదానిమీదే తొడుక్కున్నాడు.

"యాడికి?" అంది ఇందిరమ్మ.

"పుంగనూరికి. రమ్మన్న్యాడు గదా. సరే అన్న్యా గదా నేను. పోవల్ల."

"బావా, ఇప్పుడు పోయి ఏం..." అంటూ ధనుంజయ లేవబోయాడు. అంబిక చెయ్యి అడ్డం పెట్టింది.

ఇందిరమ్మ కళ్లు తుడుచుకుని చెప్పులు వేసుకుంది. "ఉండు, నేనూ వస్తాను."

అంబిక ఉమాశంకర్‌ను పక్కకు పిలిచింది. ఆమె కళ్లు తడిగా ఉండటం అతను చూడటం అదే మొదలు. "నువ్వూ వెళ్లు. దూరంగా కూర్చో. అక్కడ ఏం జరిగిందో అడిగితే చెప్పు. అడగకపోతే వద్దు."

మధ్యాహ్నపు బస్సులో వాళ్లిద్దరూ ముందు, ఉమాశంకర్ వెనక సీట్లో కూర్చున్నారు. కండక్టరు వస్తే ఇందిరమ్మే పుంగనూరు బస్టాండుకు అని చెప్పింది. ఊరు దాటాక రెడ్డెప్ప ఆమెవైపు తిరిగి, "ఇంకో తూరి చెప్పు" అన్నాడు.

బస్సులో ఉన్నవాళ్లు తిరిగి చూస్తున్నా ఆమె లెక్కచేయలేదు. ఆయన చెవికి నోరు ఆనించి మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. "నాయనా, నేను పుంగనూరు బస్టాండు కాడ ఉండాను..."

ఆయన ఆమె పెదవుల వంక చూడలేదు. తల ఊపలేదు, సరే అనలేదు. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.